తేల్చుకోనిది ఓటరేనా?

ఎన్నికలు ఇంకా ఆరు నెలలు ఉండగానే టీవీల్లో ఒక పాట మొదలవుతుంది: పటాన్‌చెరు ఓటరు ఎటూ తేల్చుకోలేదు. తేల్చుకోకపోవడం అనే నేరం ఏదైనా ఉంటే అది ఓటరు ఖాతాలోనే పడాలన్నది మన విశ్లేషకుల గట్టి నమ్మకం.

ఇస్నాపూర్ చౌరస్తాలో సర్వే పిల్లలు ట్యాబులు పట్టుకొని నిలబడతారు. ఫస్ట్ షిఫ్ట్ వదిలిన హెల్పరు టిఫిన్ డబ్బా చంకన పెట్టుకొని షేర్ ఆటో కోసం చూస్తుంటాడు.

“అన్నా, ఈసారి ఎవరికి వేస్తవు?”

“ఎవరెవరు నిలబడుతున్నరు?”

“అది ఇంక తెల్వదన్నా.”

“మరి నన్నేమడుగుతున్నవు తమ్మీ?”

కుర్రాడు ‘ఎటూ తేల్చుకోలేదు’ అన్న గడి నొక్కి ఇంకొకరి వెంట పడతాడు. రాత్రికి ఆ గడి స్టూడియోలో రంగుల చక్రమవుతుంది. కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన, పారిశ్రామికవాడ ఓటరు మనసు లోతు కనుక్కోవడం కష్టమండీ అని నిట్టూరుస్తాడు.

బీరంగూడ అపార్ట్‌మెంట్లలో అయితే ఈ చర్చ అంతర్జాతీయ స్థాయిలో జరుగుతుంది. అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్ చేసి, “నాయినా, ఇక్కడ అభ్యర్థిని కూడా జనమే ఎన్నుకుంటరు, ప్రైమరీ అంటరు” అని పాఠం చెబుతాడు. పాఠంలో తప్పు లేదు. అయోవా అని ఒక రాష్ట్రం ఉంది, మొక్కజొన్నకూ పందులకూ పేరుపడ్డది. అధ్యక్ష అభ్యర్థి కోసం వడపోత చాలా ఏళ్లు అక్కడే మొదలయ్యేది. డెమోక్రాట్లు 2020 దాకా పాటించిన పద్ధతి చూడముచ్చటగా ఉండేది. చలికాలం రాత్రి ఏ బడిలోనో గుమిగూడి, ఒక్కో అభ్యర్థి తరఫున ఒక్కో మూలకు పోయి నిలబడేవారు. ఎవరి గుంపులోనైనా 15 శాతం మంది లేకపోతే ఆ గుంపు చెదిరి ఇంకో మూలకు నడవాలి. ఎటూ తేల్చుకోనివారికి కూడా ఒక మూల ఉండేది, మర్యాదగా.

గమనించారా, అక్కడ అభ్యర్థి ఉన్నచోటే ఉంటాడు, నడిచేది ఓటరు. పటాన్‌చెరులో ఓటరు ఉన్నచోటే ఉంటాడు.

మన దగ్గర ప్రైమరీ లేదని ఎవరన్నారు? 2023 ఆగస్టులో కాంగ్రెస్ వాళ్లు గాంధీభవన్‌లో టికెట్ల కోసం దరఖాస్తులు తీసుకున్నారు. బీసీలకూ ఓసీలకూ 50,000 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 25,000. ఉన్నవి 119 సీట్లు, వచ్చినవి వెయ్యికి పైగా దరఖాస్తులు. అయోవాలో ఓటరు చలిలో నిలబడితే, ఇక్కడ ఆశావహుడు చలానా పట్టుకొని నిలబడ్డాడు. అదే నెల 21న బీఆర్ఎస్ అధినేత కేసీఆర్ ఒక్క ప్రెస్‌మీట్‌లో 115 పేర్లు చదివేశారు. ఒక్క మనిషి, ఒక్క మూల, ఒక్క పూటలో వడపోత అయిపోయింది. అంత తక్కువ ఖర్చుతో ప్రైమరీ ముగించడం అమెరికాకు ఇప్పటికీ చేతకాలేదు.

ఆ 115లో పటాన్‌చెరు దగ్గర సిట్టింగ్ ఎమ్మెల్యే గూడెం మహిపాల్ రెడ్డి పేరే ఉంది. అదే టికెట్ మీద ఆశ పెట్టుకున్న నీలం మధు బీఆర్ఎస్ కారు దిగి కాంగ్రెస్ చెయ్యి పట్టుకున్నారు. నవంబర్ 6, సోమవారం, కాంగ్రెస్ జాబితాలో ఆయన పేరు వచ్చింది. ఏళ్లుగా పార్టీని అంటిపెట్టుకున్న కాట శ్రీనివాస్ గౌడ్ వర్గం భగ్గుమంది. గురువారం రాత్రి జాబితా మారింది, కాట పేరు వచ్చింది. శుక్రవారం నామినేషన్లకు ఆఖరి రోజు. ఆ రోజే నీలం మధు ఏనుగెక్కి బీఎస్పీ అభ్యర్థిగా నామినేషన్ వేశారు.

ఈ వారం రోజుల్లో ఎవరి మీదైనా జాలి పడాలంటే ఫ్లెక్సీ కొట్టేవాడి మీద పడాలి. సోమవారం సాయంత్రం ఒక ముఖానికి చెయ్యి గుర్తు పెట్టి మిషన్ మీదికి ఎక్కించాడనుకోండి. గురువారం రాత్రి అదే చెయ్యి ఇంకో ముఖం పక్కకు రావాలి. శుక్రవారం మధ్యాహ్నానికి మొదటి ముఖం పక్కన ఏనుగు నిలబడాలి. ఏనుగుకు స్థలం ఎక్కువ పడుతుంది. పక్కనున్న గల్లీ లీడర్ల ఫొటోలు తగ్గించాలి, తగ్గిస్తే వాళ్లు అలుగుతారు, అలిగితే వాళ్లూ పార్టీ మారతారు. పటాన్‌చెరు రాజకీయాల్లో నిజమైన సెఫాలజిస్టు ఎవరంటే నేను ఆ మిషన్ ముందు కూర్చున్న పిల్లగాడి పేరే చెబుతాను. ఏ ఆర్డరు రద్దయిందో, ఏది అప్పు మీద నడుస్తోందో, ఎవరు ‘పార్టీ రంగు తర్వాత చెప్తం, ముందు ముఖం కొట్టు’ అన్నారో అతనికి తెలుసు. టీవీ వాళ్లు మాత్రం హెల్పరునే అడుగుతారు.

ఇంత గందరగోళంలోనూ నవంబర్ 30న ఓటరు తేల్చేశాడు. డిసెంబర్ 3న లెక్క తేలింది: మహిపాల్ రెడ్డికి 1,05,387, కాటకు 98,296. తేడా 7,091. ఏనుగు మీద వచ్చిన నీలం మధుకు 46 వేల పైచిలుకు పడ్డాయి కాబట్టి, ఆ గురువారం రాత్రి జరిగిన మార్పు కాంగ్రెస్‌కు ఎంత ఖరీదైందో వేళ్ల మీద లెక్కేసుకోవచ్చు. నాలుగో వరుసలో బీజేపీ తరఫున నందీశ్వర్ గౌడ్ ఉన్నారు. 2009లో ఇదే పటాన్‌చెరులో చెయ్యి గుర్తు మీద గెలిచినాయన.

ఓటరు తన పని ముగించుకొని డ్యూటీకి పోయాడు. నాయకులే ఇంకా తేల్చుకుంటున్నారు. నీలం మధు మళ్లీ కాంగ్రెస్‌లోకి వచ్చి, 2024 మేలో మెదక్ లోక్‌సభకు చెయ్యి గుర్తు మీద నిలబడి రఘునందన్ రావు చేతిలో ఓడారు. కారు, చెయ్యి, ఏనుగు, మళ్లీ చెయ్యి: అంతా తొమ్మిది నెలల్లోనే. తర్వాత జులై 15న మహిపాల్ రెడ్డి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సమక్షంలో కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు.

ఇప్పుడు కూడిక చేద్దాం. కారుకు వేసినవాళ్లు, చేతికి వేసినవాళ్లు, ఏనుగుకు వేసినవాళ్లు, ముగ్గురివీ కలిపితే రెండున్నర లక్షలకు దగ్గరగా ఓట్లు. ఒకరినొకరు ఓడించడానికి వేసిన ఆ ఓట్లన్నీ ఎనిమిది నెలలు తిరక్కుండానే ఒకే కండువా కిందికి చేరాయి. ఇంతటి ఏకాభిప్రాయం అయోవా చరిత్రలో ఉందా? అక్కడ 2020లో లెక్క చెప్పే యాప్ మొరాయిస్తే ఫలితం కోసం రోజుల తరబడి ఎదురుచూశారు పాపం. ఇక్కడ ఎవరికి నొక్కినా ఒకే చోటికి చేరుతుంటే యాపుతో పనేముంది?

ఏకాభిప్రాయం కుదిరాక గొడవలు ఉండకూడదు కదా, ఉన్నాయి. 2025 జనవరిలో కాంగ్రెస్ కార్యకర్తలే తమ కండువా కప్పుకున్న ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు మీదికి ఆందోళనకు వెళ్లారు. గోడకు ఎవరి ఫొటో ఉండాలన్నది కూడా అందులో ఒక పంచాయితీ. ఫొటో ఫ్రేములు కట్టేవాడికి కూడా మంచి రోజులొచ్చాయన్నమాట.

అసలు ఏ ఎమ్మెల్యే ఏ పార్టీలో ఉన్నట్టు? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా పోయింది. పార్టీ మారారంటూ బీఆర్ఎస్ ఫిర్యాదు చేసిన పది మంది ఎమ్మెల్యేల సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న కోర్టు స్పీకర్‌కు చెప్పింది. ఆ పదిలో పటాన్‌చెరు కూడా ఉంది. గెలిచి ఏడాదిన్నర దాటిన మనిషి ఏ పార్టీయో చెప్పడానికి ఫిర్యాదులు, నోటీసులు, వకీళ్లు, పైన మూడు నెలల గడువు కావలసి వచ్చాయి. హెల్పరుకు మాత్రం షేర్ ఆటో వచ్చేలోపు చెప్పేయాలి.

నిజానికి అతను తేల్చుకోలేని సంగతి ఒకటుంది, దాన్ని ఏ సర్వే అడగదు. పోలింగ్ రోజు కార్మికుడికి జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ చెబుతోంది, దినకూలీ అయినా సరే. పాశమైలారంలో కాంట్రాక్టు మీద పనిచేసే బిహారీకి, ఒడియాకు ఓటు సొంతూర్లో ఉంది. రైలెక్కితే నాలుగు రోజుల కూలీ పాయె. శ్రీకాకుళం నుంచి వచ్చినతనిదీ అదే కథ. పటాన్‌చెరులోనే ఓటున్నవాడు మేస్త్రీ దగ్గరికి పోయి అడుగుతాడు.

“అన్నా, ఓటుకు పోతే ఆ రోజు హాజరు వేస్తవా?”

“నాదేముందిరా, కాంట్రాక్టరు చెప్పాలె.”

“కాంట్రాక్టరేమన్నడు?”

“లీడరును అడిగి చెప్తన్నడు.”

“ఏ లీడరు?”

“అదే, మొన్నటిదాంక కారుల ఉండె సూడు... ఇప్పుడు యాడున్నడో కనుక్కొని చెప్త తియ్.”