ఇది సైలెన్సరా, శంఖమా?

దానికి సైలెన్సర్ అని పేరెందుకు పెట్టారో మన కుర్రాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. బండి కొనడానికి నాన్న అప్పు చేశాడు. దాని గొంతు మార్చడానికి కొడుకు చౌకదారి వెతికాడు. కంపెనీది తీసి కొత్తది బిగించాలంటే వేలు కావాలి. సందు చివరి మెకానిక్ లోపలి జాలీ గొట్టం పీకేసి ‘ఇక చూస్కో తమ్మీ’ అన్నాడు. అంతే, నూటపాతిక సీసీ బండి బుల్లెట్‌లా అరుస్తోంది. అరుపే, పరుగు లేదు! లాగుడు తగ్గి పెట్రోలు తాగుడు పెరిగినా, ఆ మోతలో వాడికేం వినబడుతుంది? పక్కింటి పసిపాప ఉలిక్కిపడి లేవడం అసలే వినబడదు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) మాత్రం గట్టిగానే వింటుంది. 2019 సవరణ తర్వాత శబ్ద పరిమితి దాటితే తొలిసారే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా 3 నెలలు లైసెన్సుకు సెలవు. చౌక బేరమంటే ఇదీ!

హైదరాబాద్, విశాఖ పోలీసులు ఇలా పట్టుకున్న గొట్టాలను వరసగా పరిచి రోడ్డు రోలర్ ఎక్కించారు. అవి నిజంగా సైలెన్సర్లయింది అప్పుడే.