హింబరహానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

మా వీధిలో బడి దగ్గర ఒక బ్రాందిషాపు వెలిసింది. వెలిసిందే గాని పుట్టలేదు. ఇంకో వీధిలో ఉన్న పాత లైసెన్సే మా వీధికి స్థలాంతరమై వచ్చింది. గీతలో ఆత్మకు చెప్పిన లక్షణాలు చాలావరకు సి.ఎల్.2 లైసెన్సుకు సరిపోతాయి: కాలదు, చావదు, పాత కొంప విడిచి కొత్త కొంపలో చేరుతుంది.

వీధివాళ్లం అర్జీ ఇచ్చాం. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేశారు. కొన్నాళ్లకు హింబరహ వచ్చింది. ఈ మాట బళ్లారివాళ్లకు విప్పి చెప్పనక్కర్లేదు, గుంతకల్లు దాటినవాళ్ల కోసం చెబుతున్నాను. అర్జీదారుకి ఆఫీసు తిరిగి రాసేదే హింబరహ. హిందె అంటే వెనక, బరహ అంటే రాత. నుదుటి మీదిది ముందు రాత, ఇది వెనక రాత. రెంటిలోనూ రాసినవాడి సంతకం పోల్చుకోలేం.

మూలం (కన్నడానికి నా తెలుగు): సదరు దుకాణము నియమిత దూరమునకు ఆవల నున్నట్లు కొలతవల్ల తేలినది. అర్జీ తగిన చర్యకై సంబంధిత శాఖకు పంపడమైనది.

రెండే వాక్యాలు. విజ్ఞానేశ్వరుడు కల్యాణంలో కూర్చుని యాజ్ఞవల్క్య స్మృతికి అంత పెద్ద వ్యాఖ్య రాసి దానికి మితాక్షర అని పేరు పెట్టాడు. ఆ పేరు న్యాయంగా దీనికి రావాలి. ఇంత పొట్టి మూలానికి వ్యాఖ్య ఎందుకయ్యా అంటారేమో. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. కోలాచలం ఇంటిపేరు మా ఊరికి కొత్త కాదు, నాటకకర్త కోలాచలం శ్రీనివాసరావు ఇక్కడే ప్లీడరీ చేశాడు. నాది ఆ ఇంటిపేరు కాదు గనక ఆ ఒట్టు నాకు తగలదు.

టీక

సదరు, దుకాణము: సుగమం.

నియమిత దూరము: కర్ణాటక ఎక్సైజు లైసెన్సుల సాధారణ షరతుల నియమాలు 1967లో వచ్చాయి. వాటిలో అయిదోది ఇక్కడ ప్రమాణం. గుడికి, బడికి, ఆసుపత్రికి, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాల ఆఫీసులకు, స్థానిక సంస్థల ఆఫీసులకు 100 మీటర్ల లోపల మద్యం అంగడి కూడదని దాని సారం. కొలవడం ఎలా? అంగడి వాకిలి నడిమధ్యన మొదలుపెట్టాలి. పాదచారి మామూలుగా నడిచే దగ్గరి దారి వెంట పోవాలి. బడికి కాంపౌండు గోడ ఉంటే దగ్గరి గేటు నడిమధ్యన, లేకుంటే దగ్గరి ద్వారం నడిమధ్యన ఆగాలి.

ఇక్కడ వ్యాఖ్యాత ఆగి చెమట తుడుచుకోవాలి. ఈ పాదచారి ఎవరు? బడి నుంచి అంగడికి పోయేవాడు కాడు. అంగడిలోంచి బయలుదేరి బడికి నడిచేవాడు. అదీ మామూలుగా, అంటే రోజూ. పిల్లలా అంటే పాపం శాంతించుగాక. అయ్యవారా అంటే అంతకన్నా పాపం. కాబట్టి ఇతడు కేవలం కొలత కోసం సృష్టి అయినవాడని సిద్ధాంతం. అతడి గతి విషయంలో మాత్రం రెండు సంప్రదాయాలున్నాయి. అంగడిలోకి పోయేముందు కొలిచేవారు ఋజుగతివాదులు, బయటికొచ్చాక కొలిచేవారు వక్రగతివాదులు. రెండోవారికి కేరళ నుంచి ఉపపత్తి దొరికింది. హైవేలకు 500 మీటర్ల లోపల మద్యం అమ్మరాదన్న సుప్రీంకోర్టు తీర్పు 2017 ఏప్రిల్‌లో అమలుకొచ్చినప్పుడు, ఉత్తర పరవూరులో ఒక బారువాళ్లు అంగడిని కదల్చలేదు. ముందున్న జాగాలో పద్మవ్యూహంలాగా మెలికల దారి కట్టి దూరాన్ని పెంచారు. అభిమన్యుడు లోపలికి పోవడమే నేర్చాడంటారు. అక్కడ రెండూ నేర్చుకోవాలి.

మా బడికి గోడ ఉంది. ఒకచోట కూలిపోయి ఉంది. పిల్లలు గేటు దాకా పోరు, ఆ కూలిన సందులోంచే దూరి పోతారు. సందు నుంచి అంగడి నలభై అడుగులు. కూలిన గోడ గేటు కాదు, ద్వారమూ కాదు గనక టేపు దాని ముందు నుంచే ఆగకుండా పోయింది. గోడ కట్టించండని ఎన్నిసార్లు అడిగినా కట్టలేదు. కొలతకు వచ్చేసరికి గోడ ఉన్నట్టే రాసుకున్నారు!

కొలతవల్ల: తృతీయార్థం. కొలత పొద్దున పదింటికి జరిగింది. మా పక్కింటి అవ్వ టేపు పట్టినవాణ్ణి అడిగింది: "ఇప్పుడొస్తే ఏం కనపడతాది నాయనా? రాతిరి తొమ్మిదికి రా. అంగడి మా గడప కాడికి వచ్చింటాది." దీన్ని మించిన వ్యాఖ్య నాకు చేతకాదు. సి.ఎల్.2లో కొనుక్కుపోవాల్సిందే, అక్కడ తాగకూడదు. అందుకని గోడవార, మోరీ కట్ట మీద, అవ్వ అరుగు మీద తాగుతారు.

సంబంధిత శాఖ: ఎవరికి సంబంధం? మేము మొదట పోయింది మా వార్డు సభకు. అది మా పరిధిలో లేదన్నారు. పరిధి మాట తర్వాత, ముందు సభ మాట చూద్దాం, ఎందుకంటే ఈ మాటంటే నాకు చాలా ఇష్టం.

సభ అంటే ఇప్పుడు దండలు, మైకు, అధ్యక్షుల వారి ఆలస్యం. మొదట్లో జూదపు ఇల్లు కూడా సభే. ఋగ్వేదం పదో మండలంలోని అక్షసూక్తంలో జూదరి గెలుపు మీద ఆశతో ఒళ్లు ఉప్పొంగి నడిచేది సభకే. ఆపస్తంబుడు రాజును సభ కట్టించమన్నాడు, దాని మధ్యలో పాచికలు ఆడే చోటు ఏర్పాటు చేయమన్నాడు. భారతంలో ధర్మరాజు ఆడిందీ సభలోనే, పర్వం పేరూ అదే. సభికుడంటే ఈనాడు కుర్చీలో కునుకు తీసే శ్రోత, ఆనాడు జూదశాల నడిపేవాడు. యాజ్ఞవల్క్యుడు సభికుడి వాటా నూటికి అయిదని, పదని లెక్క కట్టాడు. కౌటిల్యుడి ద్యూతాధ్యక్షుడూ గెలుపులో నూటికి అయిదే పట్టుకునేవాడు. 2023 అక్టోబరు 1 నుంచి మన సర్కారు ఆన్‌లైన్ జూదం మీద 28 శాతం జి.ఎస్.టి. వేసింది, అదీ గెలుపు మీద కాదు, కట్టిన పందెం మొత్తం మీద. 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనే నిషేధించింది. చాణక్యుడు మెతకమనిషి.

శూద్రకుడి మృచ్ఛకటికంలో సభికుడు మాథురుడు. పది సువర్ణాలు బాకీపడ్డ సంవాహకుణ్ణి వీధుల వెంట తరుముతాడు. సంవాహకుడు వెనక్కి వెనక్కి అడుగులేస్తూ పాడుబడ్డ గుడిలో దూరి, దేవుడి విగ్రహంలా నిలబడతాడు. అడుగుజాడలు చూస్తే గుడిలోంచి బయటికి పోయినట్టే ఉంటాయి. జూదశాలకూ గుడికీ నడుమ 100 మీటర్ల నియమం శూద్రకుడి కాలంలో ఉంటే ఈ దృశ్యం ఉండేదా? ఇక వెనక్కి నడిచే పాదచారికి దూరం ఏ వైపు నుంచి కొలవాలో 1967 నియమాలు చెప్పలేదు.

అర్థశాస్త్రం తాళపత్రం దొరికింది మైసూరులో, శామశాస్త్రి దాన్ని 1909లో అచ్చువేశాడు. అందులో సురాధ్యక్షుడి అధ్యాయం ఎక్సైజువాళ్లు చదివితే బాగుండును. పానశాలలో విడివిడి గదులు, మంచాలు, పూలు, పరిమళాలు ఉండాలట. సి.ఎల్.7 లైసెన్సు హోటలు కాక ఇదేమిటి? అంగళ్లు ఒకదాని పక్కన ఒకటి ఉండకూడదట. మద్యం ఊరు దాటిపోకూడదట. ఈ చివరి మాట దగ్గర మా జిల్లా తల దించుకుంటుంది. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరుకు వచ్చింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి. 2019 అక్టోబరు 1న ఆంధ్రలో మద్యం సర్కారు అంగళ్లకు మారింది. మరుసటి మేలో ధరలు 75 శాతం పెంచారు. కర్ణాటక ప్యాకెట్లు అనంతపురం జిల్లాలోకి ఎన్ని దారుల పోయాయో చెప్పడానికి వ్యాఖ్య చాలదు. అన్నట్టు ఆంధ్రలో సారా నిషేధం వచ్చిందీ 1993 అక్టోబరు 1నే, దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచిన తర్వాత. గాంధీ జయంతికి ముందురోజు ఏలినవారికి ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది కాబోలు.

ఎక్కడున్నాం? సంబంధిత శాఖ.

పరిధి: మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపే, కట్టడిచేసే అధికారం గ్రామసభకు ఇవ్వాలన్న చట్టం 1996లోనే వచ్చింది, కాని షెడ్యూల్డు ప్రాంతాలకే. కర్ణాటకలో అవి లేవు. మహారాష్ట్రలో ఊరి ఆడవాళ్లు నిలబడ్డ సీసా, పడుకోబెట్టిన సీసా గుర్తులకు ఓటేసి అంగడి మూయించగలరు. మా అవ్వకు ఈ సంగతి చెబితే, "మాకు ఉట్టి సీసాలే ఇచ్చినారు" అంది.

అలాగని అయిదో నియమం స్థానిక సంస్థను మరిచిపోలేదు. పైన చెప్పాను, మళ్లీ చూడండి: గుడి, బడి, ఆసుపత్రి, స్థానిక సంస్థ ఆఫీసు. దాని మాట అడగనక్కర్లేదు, దాని భవనానికి మాత్రం వాసన తగలకూడదు. మా బడికి దక్కని 100 మీటర్లు దానికి దక్కాయి. మోరీలో ప్యాకెట్లు ఎత్తి పారేసే అధికారం మాత్రం సంపూర్ణంగా దానిదే. పొద్దున ఆరింటికి పౌరకార్మికురాలు బడి ముందు గాజుపెంకులు ఊడుస్తుంది. ఎక్సైజు రాబడి బెంగళూరుకు పోతుంది, చీపురు వార్డులో ఉంటుంది.

తగిన చర్య: ఈ పదానికి నిఘంటువుల్లో అర్థం దొరకలేదు.

తాత్పర్యం

ఇది రాయడానికి పాదచారి సంగతి స్వయంగా తేల్చుకోవాలనిపించి, నిన్న రాత్రి తొమ్మిదికి దర్జీ దగ్గర టేపు అడిగి తీసుకుని పోయాను. గోడ కూలిన సందు దగ్గర ఒక కొస అవ్వ పట్టుకుంది. టేపు పొట్టిది, అయిదేసి అడుగులుగా జరుపుకుంటూ పోవాలి. అంగడి వైపు కొస పట్టడానికి మనిషి లేడు. లోపలి నుంచి వచ్చిన ఒకాయన నన్ను చూసి, ప్యాకెట్టు జేబులో పెట్టుకుని, ఎంతో వినయంగా వంగి ఆ కొస పట్టుకున్నాడు.

"రోడ్డేస్తారా సార్?" అన్నాడు.