పది తొమ్మిదుల ఆసామి

బయటికి పొక్కనీయకూడనివి తొమ్మిది ఉన్నాయన్నారు మన పెద్దలు. వయసు, సొమ్ము, ఇంటిగుట్టు, మంత్రం, మందు, దాంపత్యం, దానం, పరువు, అవమానం. వీటినే నవగోప్యాలంటారు. ఆ జాబితా రాసిన మహానుభావుడికి ఏ పెద్దాసుపత్రిలోనూ ఆరోగ్యశ్రీ కౌంటరు ముందు నిలబడే యోగం పట్టలేదు. పట్టి ఉంటే మంత్రాన్ని ఒక్కదాన్ని ఉంచి మిగతా ఎనిమిదింటినీ కొట్టేసేవాడు. మంత్రానికి ఫారంలో ఇంకా గడి పెట్టలేదు కనుక అది బతికిపోయింది.

"బాబాయ్! మొలల ఆపరేషన్‌కి వచ్చింది నువ్వేనా? రేషన్ కార్డు జిరాక్స్ ఏదీ?"

ఈ పిలుపు ఏ జిల్లాలోనైనా వినపడేదే. పిలిచిన కుర్రాడి మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. అతని ముందు నలభై మంది రోగులు, పక్కన మాటిమాటికీ మొరాయించే సర్వరు, చేతిలో ముసలివాళ్ల వేలిముద్ర పట్టని మిషను. కాకపోతే ఆ బెంచీల మీద బాబాయ్ వాళ్ల పక్కూరివాళ్లు ఇద్దరైనా ఉంటారు. ఆయన కుట్లు విప్పించుకుని బస్సెక్కే లోపలే కబురు రచ్చబండ మీదికి చేరిపోతుంది. ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు గానీ, ఆ లంకలో గుట్టు చెప్పడానికి ఒక విభీషణుడైనా కావలసి వచ్చాడు. కౌంటరు దగ్గర ఆ ఖర్చు కూడా లేదు.

ఒక మాట ముందే ఒప్పుకోవాలి. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలతో మొదలైన ఆరోగ్యశ్రీ, గుండె ఆపరేషన్ కోసం ఎకరం అమ్ముకోవలసిన వాణ్ని అమ్ముకోకుండా నిలబెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ తర్వాత అది ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. బోర్డులు రాసే పెయింటర్లకు కూడా అది ఆరోగ్యమే. ఇన్నిసార్లు పేరు మార్చినవాళ్లకు రోగి పేరును కాస్త కప్పి ఉంచాలన్న ఆలోచన ఒక్కసారైనా రాకపోవడమే వింత.

కాగితం నడక చూస్తే సంగతి తెలుస్తుంది. రోగి తన బాధను డాక్టరుకు చెబుతాడు. డాక్టరు రాసింది కౌంటరు దగ్గరుండే ఆరోగ్యమిత్ర చూస్తాడు, ఆసుపత్రిలో బిల్లుల గుమాస్తా చూస్తాడు, కంప్యూటరులో ఎక్కించే కుర్రాడు చూస్తాడు. ఆ పైన ప్రీ-ఆథరైజేషన్ అనే ముందస్తు అనుమతి, ఆపరేషన్ అయ్యాక క్లెయిము, ఆ క్లెయిముకు మరో తనిఖీ. కేంద్రం 2018 సెప్టెంబరులో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో అయితే చాలా ప్యాకేజీలకు ఆపరేషన్ మచ్చను ఫొటో తీసి పంపాలి. ఆ మచ్చ మోచేతి మీద ఉంటే బాధ లేదు. మొలల బాబాయ్ సంగతి పాఠకులే ఊహించుకోవాలి. ఇంట్లో భార్య కూడా చూడని మచ్చను ఏ ఊళ్లోనో కూర్చున్న క్లెయిముల ఉద్యోగి పెద్దది చేసి మరీ చూస్తాడు. చూసి 'ఫొటో స్పష్టంగా లేదు, మళ్లీ పంపండి' అని రాసే అధికారం కూడా అతనికుంది.

ఫొటో ఎందుకయ్యా అంటే దొంగ బిల్లుల భయం. ఆ భయం ఉత్తదేం కాదు. 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక ఆయుష్మాన్ భారత్ లెక్కలు విప్పి చూస్తే, చనిపోయినట్టు రికార్డుల్లో ఉన్న 3,446 మంది రోగులకు ఆ తర్వాత కూడా చికిత్స జరిగినట్టు తేలింది. వైద్యం పేరిట చెల్లించిన సొమ్ము 6.97 కోట్ల రూపాయలు. మన పురాణాల్లో సతీ సావిత్రి ఒక్క ప్రాణాన్ని వెనక్కి తేవడానికి యముడి వెంట అంత దూరం నడిచింది. ఇక్కడ యముడికి కబురైనా లేకుండా పని జరిగిపోయింది.

అదే నివేదికలో మన కథానాయకుడు దర్శనమిస్తాడు. అతని ఫోన్ నంబరు 9999999999. ఆ ఒక్క నంబరు మీద నమోదైన లబ్ధిదారులు 7,49,820 మంది. ఇంత పెద్ద ఉమ్మడి కుటుంబం కురువంశంలో కూడా లేదు. నమోదు చేసే సిబ్బంది తోచిన పది అంకెలు కొట్టేశారనీ, లబ్ధిదారుణ్ని గుర్తించడానికి ఫోన్ నంబరు తప్పనిసరి కాదనీ ఆరోగ్యశాఖ వివరణ ఇచ్చుకుంది. తోచిన అంకెలు ఏడున్నర లక్షల మందికి ఒకేలా తోచడం మాత్రం దైవఘటన. ఏదేమైనా, దేశం మొత్తం మీద తన రోగం ఎవరికీ తెలియకుండా, బీమా ఏజెంట్ల ఫోన్ల బాధ లేకుండా హాయిగా ఉన్న రోగి ఈ పది తొమ్మిదుల ఆసామి ఒక్కడే. ప్రభుత్వ వైద్య బీమాలో గోప్యత బొత్తిగా లేదనేవాళ్లు ఇతణ్ని మరిచిపోతున్నారు.

నిజం నంబరు ఇచ్చినవాడి గతి వేరు. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో అన్న సంజీవిని పేరుతో ప్రభుత్వ చవక మందుల దుకాణాలు నడిచేవి. ఏ దుకాణంలో ఎంత అమ్మకం జరిగిందో చూపే వెబ్‌సైట్ ఒకటి పెట్టారు. అందులో ఎవరు కొన్నారు, వాళ్ల ఫోన్ నంబరేమిటి, ఏ మందు కొన్నారు అన్నవి కూడా తాళం లేకుండా వేలాడాయి. ఆ జూన్‌లో సంగతి పత్రికలకెక్కింది. మగతనానికి మాత్రలు కొన్నవాళ్ల పేర్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. నవగోప్యాల్లో మందు, దాంపత్యం, పరువు మూడూ ఒకే వరుసలో, ఫోన్ నంబరుతో సహా! పారదర్శక పాలన అంటే ప్రభుత్వం అద్దంలా ఉండటమని జనం అనుకున్నారు. అద్దం కట్టింది జనం పడకగదికి.

పోనీ, దాచడం మన సర్కారుకు చేతకాదా అంటే అదీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పింఛన్లు ఇంటి గుమ్మం దగ్గర చేతికిస్తారు. హెచ్ఐవీకి మందులు వాడేవాళ్ల పింఛను మాత్రం గుమ్మం దగ్గర గుట్టు బయటపడకూడదని నేరుగా బ్యాంకు ఖాతాలో వేసే పద్ధతి పెట్టారు. అందుకు సూపర్ కంప్యూటరేమీ అక్కర్లేకపోయింది. వీధిలో నలుగురూ ఏమనుకుంటారో ఆలోచించిన ఒక ఆఫీసరు సరిపోయాడు. 2017లో వచ్చిన హెచ్ఐవీ చట్టం ఆ ఆలోచనకు వెన్నుదన్ను. ఆ ఒక్క జబ్బుకు ఇచ్చిన మర్యాద క్షయకూ, క్యాన్సరుకూ, మానసిక రోగానికీ, బాబాయ్ మొలలకూ కౌంటరు దగ్గర ఎందుకు అందదో జవాబు చెప్పేవాడు లేడు.

చట్టాల మాటకొస్తే కరువేం లేదు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఒక్క గొంతుతో గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. నవగోప్యాలకు నవన్యాయమూర్తులు, లెక్క సరిగ్గా కుదిరింది. ఆ మరుసటి ఏడాది వైద్య సమాచార భద్రతకు ప్రత్యేకంగా ఒక ముసాయిదా చట్టం రాశారు. అది ముసాయిదాగానే కన్నుమూసింది. 2019 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లు ఆరోగ్య వివరాలను సున్నితమైనవంటూ వేరే అరలో పెట్టింది. దాని స్థానంలో 2023లో చట్టం వచ్చేసరికి ఆ అర మాయమైంది. అంటే చొక్కా సైజూ, షుగరు రిపోర్టూ ఇప్పుడు ఒకే అరలో ఉంటాయి. 2025 నవంబరులో నిబంధనలు నోటిఫై చేసి, అసలు బాధ్యతలు నెత్తికెత్తుకోవడానికి మరో 18 నెలలు గడువిచ్చారు.

ఆ చట్టంలో జరిమానాల పట్టిక చదివి తీరాలి. వివరాలను భద్రంగా ఉంచని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. వసూలైన సొమ్ము వెళ్లేది భారత సంచిత నిధికి. పరువు పోయిన రోగికి అందులోంచి దక్కేది సున్నా. నష్టపరిహారం అడగడానికి ఐటీ చట్టంలో ఉన్న 43ఏ సెక్షన్‌నూ ఈ చట్టమే తీసేస్తుంది. రోగిని మరీ ఉత్తచేతులతో పంపడం బాగుండదనుకున్నారేమో, ఆ పట్టికలో అతనికీ ఒక వరుస కేటాయించారు. చేసిన ఫిర్యాదు అబద్ధమనో, పసలేనిదనో తేలితే జరిమానా పదివేల రూపాయల దాకా.