విప్పందే నిద్రపట్టని చిన్నాయన

ప్రతి వంశంలోనూ ఒక విప్పే మనిషి ఉంటాడు. మిక్సీ మొరాయిస్తే షాపుకు పంపనివ్వడు. తనే విప్పుతాడు, బిగించాక రెండు స్క్రూలు మిగిలితే "కంపెనీవాళ్లు దండగకు పెట్టింటారు" అంటాడు. కలికిరిలో ఆ పదవి మా చిన్నాయనది. 2013లో ఊరికి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చినాక ఆయన హస్తవాసి ఫ్యాన్లు, గ్రైండర్లు దాటి లాప్‌టాపుల దాకా పాకింది. ఫీజు లేదు. ఉపన్యాసం వినాలి, అంతే.

నా లాప్‌టాపు ఛార్జర్ పీకిన కాసేపటికే కళ్లు తేలేస్తోందని నోరుజారాను. మా అత్తగారివాళ్లు కూర్చునుండగానే, "దిండు మీద పెట్టి రాత్రంతా ఛార్జింగ్ వేస్తావు గదరా, వేడికి బ్యాటరీ చావకుండా ఎట్లుంటాది?" అన్నాడు. ఆ బాకీ ఇప్పుడిలా రాసి తీర్చుకుంటున్నాను.

ముందు నాచేత బ్యాటరీ రిపోర్టు తీయించాడు. కొన్నప్పుడు 48 వాట్ అవర్లు పట్టేది, ఇప్పుడు 17. "నెలాఖరున నీ జీతం మాదిరి" అని తీర్పు చెప్పాడు. సగం ధరకే రెండింతలు పట్టేది ఆన్‌లైన్‌లో ఉందని చూపించాను.

"11.1 వోల్టులంటే ఏమిరా? 3.7 సెల్లులు మూడు. అదే సైజు డబ్బాలో రెండింతల కరెంటు ఎట్ల పడతాది? ధర కాదు, వెనక పార్ట్ నంబర్ చూసి కొను!"

ఇక ఆదివారం, కొత్త బ్యాటరీ బిగించే ముహూర్తం. ఛార్జ్ పావువంతుకు దిగాలని ముందురోజు అర్ధరాత్రి దాకా పాత పాటలు మోగించి ఇల్లంతా జాగారం చేయించాడు. తెల్లారి బల్ల పక్కన బక్కెట్లో పొడి ఇసుక. కాఫీ తెచ్చిన చిన్నమ్మను గడప దగ్గరే ఆపేశాడు. "ఈ వయసులో నీకెందుకీ యవ్వారం?" అందావిడ.

"ఈ లిథియం బ్యాటరీ పనికే గుడెనఫ్ అనే ఆయనకు 2019లో నోబెల్ ఇచ్చిరి. అప్పుడాయనకు 97 ఏండ్లు. నాకింకా 62 లే."

పాత క్యాలెండర్ వెనక లాప్‌టాపు బొమ్మ గీసి, ఎక్కడి స్క్రూ అక్కడే టేపుతో అంటించాడు. పొడుగు స్క్రూ పొట్టిదాని బొక్కలోకి దిగితే కింద బోర్డుకు చిల్లి పడుతుందట. (మిక్సీ స్క్రూలకు ఈ మర్యాద ఎన్నడూ దక్కలేదు.) గడువు తీరిన ఏటీఎం కార్డుతో అంచు చుట్టూ వచ్చి, మూత లేవగానే అన్నిటికన్నా ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాడు. వైరు లాగకుండా, కనెక్టర్ మూతిని గోళ్లతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి. ఆ రెండు నిమిషాలూ ఆయన నోటినుంచి మాట రాలేదు. మా ఇంట్లో అది రికార్డు.

కొత్తది ఇంకా బిగించనేలేదు, కాలేజీ పిల్లోడొకడు లాప్‌టాపు చంకన పెట్టుకుని వచ్చాడు. టచ్‌ప్యాడ్ పైకి లేచింది, బల్లమీద పెడితే ఊగుతోంది. చిన్నాయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు!

"ఉబ్బిందిరా నాయనా. లోపల గ్యాస్ చేరింది. ఛార్జింగ్ పెట్టొద్దు, ఆన్ చెయ్యొద్దు, నొక్కొద్దు. చిల్లి పడితే మంటే. సర్వీస్ సెంటర్ వాళ్లే తీయాల."

జన్మలో వస్తువును షాపుకు పంపని మనిషి! చిన్నమ్మ గడప అవతలనుంచే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నాకూ ఆయనమీద ఉన్న కోపం సగం అక్కడే దిగిపోయింది.

దిగిన ఆ సగం నా పాత బ్యాటరీ దగ్గర తిరిగొచ్చింది. వీధిలో పాత ఇనుముకు ఎర్రగడ్డలిచ్చే బండి వచ్చింది, చిన్నమ్మ ఆ బ్యాటరీని ఇచ్చేయబోయింది. ఈయన అడ్డం పడ్డాడు. వాళ్లు సుత్తితో కొడితే ఏం గతి? 2022 రూల్స్ ప్రకారం పాత బ్యాటరీల బాధ్యత తయారుచేసినవాళ్లదేనని బండివాడికి నడివీధిలో పాఠం చెప్పాడు. కనెక్టర్ మూతికి టేపు చుట్టి, ప్లాస్టిక్ డబ్బాలో ఇసుక పోసి, మధ్యలో బ్యాటరీని పడుకోబెట్టి మదనపల్లె బస్సెక్కాడు. నన్నూ ఎక్కించాడు. దారి పొడుగునా పక్కసీటు టమాటా రైతు ఫోను వెనక్కి తిప్పి, ఉబ్బిందేమోనని చూస్తూనే ఉన్నాడు.

మదనపల్లెలో కౌంటరు అబ్బాయి డబ్బాలోకి తొంగిచూసి, "ఇది మా కంపెనీది కాదు సార్" అన్నాడు. సాయంత్రం బస్సుకు డబ్బా చిన్నాయన ఒళ్లోనే తిరిగొచ్చింది.

చిన్నమ్మ దాన్ని చూసి, "అర్ధకిలో ఎర్రగడ్డలన్నా వచ్చిండేవి" అంది.