పాస్ ఉంది, పదండి!

ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్ రైల్వే కుటుంబమొకటి చలికాలం సెలవులకు సిక్కింలోని నాథులా కనుమకు బయల్దేరుతోంది.

ఏర్పాట్లు పకడ్బందీ. న్యూ జల్పాయిగురి దాకా పాస్ రాయించారు. కింది బెర్తు పట్టారు. ఆవకాయ జాడీకి రెండు పొరల గుడ్డ కట్టారు. ఖరగ్‌పూర్ చలికే మంకీ క్యాప్ దించని వంశం, మంచొక లెక్కా?

4,310 మీటర్ల ఎత్తున, గడ్డకట్టిన ఘాట్ రోడ్డు మాటేమిటి?

'డ్రైవర్ చూసుకుంటాడు.'

చక్రాలకు గొలుసులో?

'గొలుసు లాగితే బండి ఆగుతుంది. మాకు తెలీదా?'

2018 డిసెంబరు 28న ఆ దారిలోనే మంచులో చిక్కుకున్న రెండున్నర వేల మందికి పైగా పర్యాటకులను సైన్యం కాపాడింది. తన బ్యారక్‌లలో పడుకోబెట్టి, అన్నం పెట్టింది.

ఇది వినగానే ఇంటాయన ముఖం వెలిగిపోయింది.

'ఏమేవ్, హోటల్ బుకింగ్ రద్దు చేసెయ్!'