ఇల్లు పోయిన తలుపును

జాంజిబార్‌లో ఇంటికంటే ముందు తలుపు పుట్టేది. ఖాళీ స్థలంలో మొదట నన్ను ద్వారబంధంతో సహా నిలబెట్టారు. గోడలు తర్వాత వచ్చి నా పక్కన చేరాయి. మీ తెలుగు ఊళ్ళల్లోనూ గోడలు లేవకముందే గుమ్మం ఎత్తి పసుపు రాస్తారు కదా, ఆ పెద్దరికమే నాదీనూ. నన్ను చూసుకునే ఇల్లు లేచిందని చాలాకాలం విర్రవీగాను.

సుల్తాన్ బర్ఘష్ కాలంలో ఇండియా నుంచి తెరచాప ఓడలో, ఈశాన్య గాలి పట్టుకుని వచ్చిన టేకును నేను. చెక్కిన కథ వదిలేద్దాం, ఉలి దెబ్బలు తలుచుకోవడం ఎవరికి సరదా? అరబ్బుల తలుపులకు పైన చదరంగా ఉంటే నాకు ఇండియా పద్ధతిలో గుండ్రటి కమాను పెట్టారు. అంచుల వెంట గొలుసు చెక్కి, రెక్కల నిండా మొనదేలిన ఇత్తడి బుడిపెలు దిగ్గొట్టారు. ఇండియాలో ఏనుగులు తలుపులు కుమ్మకుండా అలాంటివి పెట్టేవారట. ఈ దీవిలో ఏనుగన్నదే లేదు. నేను అడ్డుకున్నదల్లా మేకల్ని.

మా అయ్యగారు కచ్ నుంచి వచ్చిన లవంగాల వర్తకుడు. 1840 ప్రాంతంలో సుల్తాన్ సయ్యద్ సయీద్ మస్కట్ వదిలి రాజధానిని ఇక్కడికి మార్చుకున్నప్పటికే దీవిలో లవంగ తోటలు కమ్ముకుంటున్నాయి. తోటలు ఒమన్ అరబ్బులవి, చాకిరీ బానిసలది, అప్పు మా అయ్యగారిది. బానిసల సంత 1873లో మూతపడి, ఆ చోట ఆంగ్లికన్ చర్చి లేచింది. తోటల్లో బానిసత్వానికి చట్టం అండ మాత్రం 1897 దాకా పోలేదు. ఇప్పటి టూరిస్టు గైడ్లు నా గొలుసు చూపించి, ‘ఇది బానిసల వ్యాపారి ఇంటి గుర్తు’ అంటారు. కాదు మహాప్రభో, ఇంటికి కీడు తగలకూడదని చెక్కించుకున్న గొలుసు అది! అలాగని నేను కడిగిన ముత్యాన్నీ కాదు. తోట నాది కాదు, మనుషులు నావాళ్ళు కారు, వడ్డీ ఒక్కటే నాది అంటూ అయ్యగారు లెక్కలు తేల్చుకున్నది నా పక్కనున్న అరుగు మీదే.

ఆ అరుగు మీద ఎన్ని చూశానో! సాయంత్రమైతే కాఫీ కూజాతో ఒకడు వచ్చేవాడు, బావో ఆటలో గవ్వల్లాంటి గింజలు గుంటల్లో టకటకా పడేవి. ఎవరో ‘హోడీ’ అని కేకేస్తే లోపల్నుంచి ‘కరీబు’ వినపడ్డాకే నా గడియ కదిలేది. 1896 ఆగస్టు 27న ఇంగ్లీషు ఓడలు సుల్తాన్ కోటను కాల్చాయి. ముప్పావు గంటైనా పట్టలేదు యుద్ధం. కాఫీ చల్లారేలోపే రాజు మారాడు. 1937లో లవంగాల వ్యాపారాన్ని ఒక సంఘం గుప్పిట్లో పెట్టే చట్టం వస్తే, ఇక్కడి భారతీయ వర్తకుల కోసం మీ కాంగ్రెస్ వాళ్ళు జాంజిబార్ లవంగాలు కొనొద్దన్నారు. అప్పుడు అరుగు మీద లవంగాల మాట తప్ప మరొకటి లేదు.

1964 జనవరి 12న విప్లవం వచ్చింది. అయ్యగారి మనవలు చేతికందింది మూటగట్టుకుని, నాకు తాళం వేసి పోయారు. తాళంచెవి వెంట తీసుకుపోయారు, పాపం. ఇల్లు సర్కారుదైంది. గదికో సంసారం దిగింది. వాళ్ళను తిట్టను, తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళు. కానీ అందరి ఇల్లు ఎవరిదీ కాదు. పైన రేకు ఒకటి లేచిపోతే ‘పై అంతస్తువాళ్ళు చూసుకోవాలి’ అని కిందివాళ్ళు, ‘సర్కారు చూడాలి’ అని పైవాళ్ళు. పగడపు రాయీ సున్నమూ కలిపి కట్టిన గోడలు మావి; ఎండను ఎంతైనా ఓర్చుకుంటాయి, లోపలికి దిగిన నీటిని మాత్రం ఓర్వలేవు. ఏటా మార్చి నుంచి మే దాకా కురిసే మసీకా వానకు సున్నం కొంచెం కొంచెంగా కరిగి నా గడప మీదికే తెల్లగా కారేది. పైకప్పు మోసే మడచెట్ల దుంగల చివర్లు పుచ్చిపోయాయి. పిల్లలు బుడిపెలు ఊడబెరికి పాత ఇత్తడి కింద అమ్ముకున్నారు. అదే వీధిలో విదేశీయులు నిలబడి నా ఫోటోలు తీసుకునేవారు! ఒక్కడైనా తల ఎత్తి కప్పు చూడలేదు.

ఒక మసీకా రాత్రి వెనక భాగం కూలింది. మిగతాది పడగొట్టారు. నన్ను మాత్రం జాగ్రత్తగా ఊడదీశారు, ధర పలుకుతాను కనుక. మా పాతపట్నం స్టోన్ టౌన్ 2000లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అప్పటికే నేను సముద్రం ఒడ్డున ఒక హోటల్లో గోడకు మేకులతో బిగించి ఉన్నాను. నా వెనక గది లేదు. గడియ తీస్తే సిమెంటు.

2020 డిసెంబర్ 25న, 1883 నాటి బర్ఘష్ గారి ‘వింతల మేడ’ మరమ్మతుల మధ్యలోనే ముందువైపు కూలి ఇద్దరు చనిపోయారని హోటల్లో చెప్పుకున్నారు. దీవిలో మొట్టమొదట కరెంటు దీపాలు వెలిగిన మేడ అది. దాని తలుపుల ముందు నేనెంత? ఇక్కడ నాకు రోజూ నూనె రాస్తున్నారు, పోయిన బుడిపెలకు కొత్తవి కొట్టించారు. అయ్యా, ఆ నూనె డబ్బులతో నా పాత వీధిలో ఇంకా నిలబడి ఉన్న ఏ ఇంటికైనా రెండు రేకులు వేయించండి. వానలు మార్చిలోనే మొదలవుతాయి.