పచ్చదనానికి బిల్లు చూపించండి

మధ్యతరగతి కుటుంబం పర్యావరణాన్ని కాపాడాలని నిశ్చయించుకుంటే ముందుగా పరుగు తీసేది డెలివరీ కుర్రాడు. వెదురు బ్రష్షులు నాలుగు, రాగి బిందె ఒకటి, స్టీలు స్ట్రాలు డజను, భూమిని కాపాడమని ఇంగ్లిషులో అచ్చేసిన గుడ్డ సంచులు అరడజను. అన్నీ వేర్వేరు అట్టపెట్టెల్లో వస్తాయి. పెట్టె చుట్టూ టేపు, పెట్టెలో గాలిబుడగల కవరు. ఆ సాయంత్రం ఇంటి చెత్త రోజూ కంటే రెండింతలు. పోనిద్దురూ, ఏ యజ్ఞానికైనా కాస్త పొగ తప్పదు. పెదవి తగలకుండా చెంబెత్తి గటగటా తాగే జాతికి స్ట్రా అవసరం ఎప్పుడు పడిందని మాత్రం అడక్కండి. డజను కొంటే తగ్గింపు ధర ఉంది.

అదే రోజు వంటింట్లో ఓ ఊచకోత జరుగుతుంది. ఏళ్ల తరబడి కందిపప్పూ మినప్పప్పూ మోసిన ప్లాస్టిక్ డబ్బాలన్నీ చెత్తబండి ఎక్కుతాయి. వాటి చోట్లో ఒకే ఎత్తు, ఒకే మూత ఉన్న గాజు సీసాలు కొలువుదీరతాయి. పాత డబ్బాలకు చిల్లు పడలేదు, మూత ఊడలేదు. ఫొటోలో బాగా పడకపోవడమే అవి చేసిన నేరం.

ఇందులో ప్రభుత్వం తప్పేమీ లేదు. 2022 అక్టోబరు 20న గుజరాత్‌లోని ఏక్తా నగర్‌లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్‌ను పక్కన పెట్టుకుని ప్రధాని పర్యావరణానికి నప్పే జీవనశైలి కోసమంటూ 'మిషన్ లైఫ్' ప్రారంభించారు. మామూలు జనం రోజువారీగా చేయదగ్గ పనులు 75 ఏరి ఓ జాబితా కూడా ఇచ్చారు. ఎర్ర లైటు పడితే ఇంజను ఆపండి, లిఫ్టు మానేసి మెట్లెక్కండి, ఏసీ 24 డిగ్రీల దగ్గర పెట్టండి, ఆర్వో వదిలేసే నీళ్లు పట్టి గిన్నెలు తోమండి, బజారుకు సంచి పట్టుకెళ్లండి, చిరుధాన్యాలు తినండి. రాసినవాళ్లు ఎంత అమాయకులో చూడండి. వీటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు. ఖర్చు లేని పని చేస్తే చేసినట్టు నలుగురికీ తెలిసేదెలా? కొన్నదానికి బిల్లుంటుంది గానీ కొననిదానికి ఏ షాపువాడూ బిల్లివ్వడే! సిగ్నల్ దగ్గర ఇంజను ఆపినవాడికి దక్కే సన్మానం వెనక బండి హారన్ ఒక్కటే.

అందుకే మనవాళ్లు ఆ జాబితాను కిరాణా చీటీ చదివినట్టు చదివారు. సంచి అనగానే సంచి కొన్నారు. ఇంగ్లండ్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ 2011లో ఓ అధ్యయనం వెలువరించింది. భూతాపం లెక్కన, ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ కవరుతో సరితూగాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలట. డెన్మార్క్‌వాళ్లు 2018లో ఇంకా లోతుకు పోయారు. ఓజోన్ పొరకు జరిగే హానితో సహా అన్ని పద్దులూ తీస్తే, సేంద్రియ పత్తి సంచిని 20,000 సార్లు వాడాలని తేల్చారు. వారానికోసారి కూరగాయలకు పట్టుకెళ్తే 384 ఏళ్లు దాటుతుంది. కుతుబ్‌షాహీల కాలంలో ఎవరైనా మొదలుపెట్టి ఉంటే ఈపాటికి బాకీ తీరేది. మన అల్మరాలో అలాంటి సంచులు ఎన్ని మూలుగుతున్నాయో! చీరల షాపువాడిచ్చింది, పెళ్లిలో తాంబూలంతో ఇచ్చింది, సెమినారులో ఫైలుతో ఇచ్చింది. ఇన్ని ఉండగా కొన్నది మరో ఆరు. నాన్నగారి పాత ప్యాంటుతో అమ్మ కుట్టిన సంచి ఒకటి తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉంటుంది. దానికోసం కొత్తగా పత్తి పండించలేదు, ఎవరూ మగ్గం ముందు కూర్చోలేదు. కానీ దాన్ని పట్టుకుని సూపర్ మార్కెట్‌కు వెళ్లడం నామోషీ.

పార్సిల్ కథ వేరే. ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు, కప్పులు, పళ్లేలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి క్యారీబ్యాగు మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదు. సాయంత్రం ఏడింటికి కర్రీ పాయింటు ముందు నిలబడి చూడండి. పొగలు కక్కే సాంబారు ఉల్లిపొర లాంటి కవర్లోకి జారి, రబ్బరు బ్యాండు బిగించుకుని, బంతిలా చేతికొస్తుంది. పంతం పట్టి ఇంటి నుంచి స్టీలు గిన్నె తెచ్చేవాళ్లూ లేకపోలేదు. కొట్టువాడు వినయంగా ఆ గిన్నె అందుకుంటాడు, కొలత కుదరాలి గనక కవర్లోనే పోస్తాడు, ముడేసి ఆ కవరును గిన్నెలో కూర్చోబెట్టి ఇస్తాడు. ఇరుపక్షాల గౌరవమూ దక్కింది.

ఇక నీళ్లు. హైదరాబాద్‌కు కృష్ణా గోదావరి జలాలు వంద కిలోమీటర్ల పైనుంచి పంపులెక్కి, గొట్టాలు దాటి వస్తాయి. లీటరు నీటిలో కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాముల లోపుంటే ఆర్వో అక్కర్లేదని, అలాంటి చోట్ల దాన్ని నిషేధించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. మనింటి నీళ్లలో ఎంత ఉందో కొలిచిందెవరు? గోడకు ఆర్వో లేకపోతే పెళ్లివారు ఏమనుకుంటారు? అది ఒక గ్లాసు ఇచ్చి, అంతకంటే ఎక్కువ సింకులోకి వదులుతుంది. ఆ ఇచ్చిన గ్లాసును తీసుకెళ్లి రాగి బిందెలో పోస్తాం. లవణాలు పోయాయి కదా, ఇప్పుడు రాగి పట్టాలి.

ఏసీ గురించి చెప్పాలంటే దుప్పటి దగ్గర మొదలుపెట్టాలి. స్టార్ గుర్తున్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని 2020 జనవరి 1 నుంచి నిబంధన ఉంది. ఒక్క డిగ్రీ పెంచితే కరెంటు ఆరు శాతం దాకా ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ మొత్తుకుంటోంది. పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగుకు వస్తే దాదాపు మూడో వంతు మిగిలినట్టే. రిమోట్ మీద వేలితో నొక్కితే అయ్యే పని, నొక్కుతారు కూడా, కాకపోతే కిందికి. గది పద్దెనిమిదికి దిగాక సేంద్రియ నూలు దుప్పటి ముసుగుతన్ని పడుకుంటారు. దుప్పటికి బిల్లుంది, సర్టిఫికెట్ కూడా ఉంది.

ఇంటిముందు కారు సంగతీ ఇంతే. తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు 2024 నవంబరు నుంచి రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేశారు. మంచిదే. పెట్రోలు కారు తీసేసి అది కొంటే ఇంకా మంచిది. మనం పెట్రోలు కారును అలాగే ఉంచి, పర్యావరణం కోసమని రెండోది తెస్తాం. పక్క సందులో మెట్రో స్టేషనుంది. మెట్రో ఎక్కితే మన త్యాగం ఎవరి కంటా పడదు.

పూజలో పంతులుగారు సంకల్పం చెప్పించేటప్పుడు 'ధర్మపత్నీ సమేతస్య' అని కలుపుతారు గుర్తుందా? హరిత సంకల్పానికీ ఇది వర్తిస్తుంది. సంకల్పం ఇంటాయనది, తక్కిన తంతంతా సమేతస్యది. ఇక షాంపూ బంద్, కుంకుడుకాయే అని ఆయన ప్రకటిస్తాడు. కాయలు కొట్టి, గింజలు ఏరి, వేడినీళ్లలో నానేసి, పిసికి, వడగట్టి, కళ్లు మండుతున్నాయని పరుగెత్తే పిల్లను పట్టుకుని తల రుద్దేది ఆవిడ. రాత్రికి కొర్రలు నానబెట్టేది ఆవిడ. తడి చెత్త, పొడి చెత్త వేరుచేయాలని ఆయన భోజనాల దగ్గర ఉపన్యాసమిస్తే, చేతులు పెట్టి వేరుచేసేది ఆవిడ, కాదంటే పనమ్మాయి. బాల్కనీలో ఎరువు డబ్బా మూత తీసి, ముక్కు మూసుకుని, కలియబెట్టేదీ వాళ్లే. మూడు నెలలకు ఎరువు తయారయ్యాక దాన్ని దోసిట్లో పట్టుకుని ఫొటో దిగేది మాత్రం ఆయన. 'మా ఇంట్లో వ్యర్థం సున్నా' అని కింద రాస్తాడు. ఆ 'మా'లో ఆవిడ చాకిరీ కలిసిపోయింది. దానికీ బిల్లు లేదు.

మూలగదిలో కూర్చున్న అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంటుంది. పాల ప్యాకెట్లు కడిగి, ఆరేసి, పోగేసి పాతసామాన్లవాడికి తూచి అమ్మినన్నాళ్లూ ఆవిడ పీనాసి. ఇప్పుడు కొబ్బరి పీచు పొట్లం కట్టి, పిడకలు లెక్కపెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారని తెలిసి, ఇన్నేళ్లూ ఎంత నష్టపోయానా అని లెక్కలు వేసుకుంటోంది.

ఇక ఆ 75 పనుల్లో ఎక్కువ భాగం చేస్తున్న కుటుంబం ఒకటి మన అపార్ట్‌మెంట్లోనే ఉంది. సెల్లార్లో, మోటారు గది పక్కన. ఒక ఫ్యాను, ఒక లైటు. ఏసీ లేదు కాబట్టి డిగ్రీల గొడవ లేదు. కారు లేదు గనక ఎర్ర లైటు దగ్గర ఇంజను ఆపే పని లేదు. మన అబ్బాయి వదిలేసిన చొక్కా వాళ్లబ్బాయి తొడుక్కుంటాడు, ఆ తర్వాత అది మెట్లు తుడిచే గుడ్డ అవుతుంది. మనం ప్రకృతి మీద ప్రేమతో తెప్పించిన అట్టపెట్టెలన్నీ విప్పి, మడతపెట్టి అమ్మేది వాచ్‌మన్ భార్యే. లిఫ్టు బదులు మెట్లెక్కడమనే అంశం అయితే వాళ్ల విషయంలో నూటికి నూరుపాళ్లు అమలవుతోంది. పనివాళ్లు లిఫ్టు వాడరాదని అసోసియేషన్ నోటీసు అంటించి మరీ అమలు చేయిస్తోంది!

అయినా పర్యావరణ దినోత్సవమని జూన్ 5న ఇచ్చే 'హరిత కుటుంబం' బహుమతికి ఆ గది నుంచి దరఖాస్తు రాదు. వచ్చినా చెల్లదు. 'పర్యావరణం కోసం మీరు ఏం వదులుకున్నారు?' అని ఫారంలో ఒక గడి ఉంటుంది. అసలు దక్కనిదాన్ని వదులుకోవడమెలా? పైగా 'కొనుగోలు రసీదులు జతచేయవలెను' అని కింద చిన్నక్షరాల్లో ఉంటుంది.

కనుక వచ్చే ఏడాదికి నాదొక సవరణ. రసీదులు తీసుకురండి, కానీ మార్కులు తిరగేసి వేద్దాం. పచ్చరంగు డబ్బాలో వచ్చిన ప్రతి సరుకుకూ ఒక మార్కు కోత. పాత మిక్సీ బాగు చేయించినవారికి, తెగిన చెప్పు కుట్టించుకున్నవారికి, చుట్టాలొస్తే స్టీలు గ్లాసుల్లో నీళ్లిచ్చి వాటిని తానే కడిగిన ఇంటాయనకు మార్కులు కలుపుదాం. లిఫ్టు నోటీసు చించేసిన అసోసియేషన్‌కు ప్రత్యేక ప్రశంస. ఈ మాట అనగానే కార్యదర్శిగారు తల పట్టుకుంటారు. ఏమీ కొనని కుటుంబానికి బహుమతి అంటే ఏ షాపు స్పాన్సర్ చేస్తుంది? చేయదు. శాలువా ఉండదు, జ్ఞాపిక ఉండదు, చెట్లను కాపాడమని రాసిన ఫ్లెక్సీ కూడా ఉండదు. ఇన్ని లేకపోయినా పోటీకి వచ్చేవాళ్లు ఎవరైనా మిగిలితే, జతచేయడానికి వాళ్ల దగ్గర ఒకే ఒక్క బిల్లు ఉంటుంది. కరెంటుది. అది పోయిన నెల కంటే తక్కువ ఉందో లేదో చూసి సంతకం పెట్టేస్తే సరి, న్యాయనిర్ణేతలకు భోజనం ఖర్చు కూడా మిగులుతుంది.